చేతిపనికి తపాలాలో ఒక దారి ఇవ్వండి

తెలంగాణ తపాలా సర్కిల్
చీఫ్ పోస్ట్‌మాస్టర్ జనరల్ గారికి,
డాక్ సదన్, ఆబిడ్స్, హైదరాబాదు.



నేను సూర్యాపేట జిల్లా మునగాలలో మిషను కుట్టుకుని బతికే మనిషిని. అమ్ముకోవడానికి కాకుండా ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవడానికి చేసే చేతిపనులు తక్కువ ఖర్చులో, జాడ తెలిసేలా ఊరి నుంచి ఊరికి చేరే దారి మీ శాఖ ఏర్పాటు చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నాలాగే ఇళ్లలో చేతిపని చేసుకునే ఆడవాళ్లు, బడిపిల్లలు, డ్రాయింగు మాస్టార్లు ఈ రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లూ చదవాలని, తమ మాట కలపాలని దీన్ని బహిరంగంగా రాస్తున్నాను.

మేం చేసే పని ఏమిటో ముందు చెప్పాలి. రకరకాల వస్తువులు కలిపి ఒక చిన్న పలక తయారుచేస్తాం. అడుగున గట్టి అట్ట ఉండాలి. దానికి పాత పెళ్లిపత్రిక కన్నా మంచిది దొరకదు. మందంగా ఉంటుంది, బంగారు రంగు అచ్చు ఉంటుంది, పెళ్లి అయిపోయాక ఎవరూ దాచుకోరు. దాని మీద జాకెట్టు కత్తిరించగా మిగిలిన పట్టు ముక్క, లైనింగు గుడ్డ, లేసు చివర, పోచంపల్లి చీర కొంగు అంచు వేస్తాం. మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి వచ్చే బియ్యం సంచుల మీద నెమళ్లు, వరికంకులు, దేవుళ్ల బొమ్మలు మంచి రంగుల్లో అచ్చువేసి ఉంటాయి. వాటినీ కత్తిరించి వాడతాం. ఆ సంచి గుడ్డ ప్లాస్టిక్ పోగులతో నేసింది కాబట్టి జిగురు పట్టదు, అంచులు విడిపోతాయి. అందుకని అంచును కొవ్వొత్తి సెగకు చూపించి కరగనిచ్చి, తర్వాత సూదితో అట్టకు కుట్టాలి. ఇది ఎవరో పుస్తకంలో రాసింది కాదు. చేసేవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటూ నేర్చుకున్నది.

కాగితం, గుడ్డ అతికించడానికి చింతగింజల జిగురు వాడతాం. గింజలు వేయించి, పైపొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి, సన్నని మంట మీద ఉడికిస్తే తయారవుతుంది. చేర్యాల నకాషీ కళాకారులు ఖాదీ గుడ్డను బొమ్మకు సిద్ధం చేసేది ఈ జిగురుతో, సుద్దతోనే. వాళ్ల ముఖపు బొమ్మలు రంపపు పొట్టును ఇదే జిగురుతో కలిపి చేసినవి. కొండపల్లి బొమ్మలకు చేతులు, తలలు అతికించే మక్కు కూడా ఇలాంటిదే. పురుగు పట్టకుండా పుస్తకాలు బైండింగు చేసేవాళ్లు జిగురులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం కాబట్టి పిల్లలున్న చోట మేం కలపం. జిగురు ఏ రోజుది ఆ రోజే ఉడికించి, పలకను రెండు రోజులు ఎండలో ఆరబెడతాం. ఆపైన పూసలు, గవ్వలు, పగిలిన గాజుల ముక్కలు, ఎండిన గునుగు పువ్వులు చేరతాయి. అద్దం కుట్టడం మా చుట్టుపక్కల తండాల లంబాడీ ఆడవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే. అద్దానికి రంధ్రం ఉండదు. చుట్టూ దారంతో గూడు అల్లి అందులో దాన్ని నిలబెడతారు. ఆ కుట్టు ఒక్కటి వస్తే ఏ గాజుపెంకునైనా గుడ్డ మీద నిలపొచ్చు.

ఇక మార్పిడి ఇలా జరుగుతుంది. ఒకరు బాధ్యత తీసుకుని ఒక విషయం, ఒక కొలత, ఒక గడువు చెబుతారు. విషయం వరి కోతలు కావచ్చు, అమ్మమ్మ చీర కావచ్చు, ఊరి చెరువు కావచ్చు. పదిమంది చేరితే ఒక్కొక్కరు పది పలకలు చేసి, తిరుగు ఖర్చుతో సహా ఆ మనిషికి పంపిస్తారు. ఆ మనిషి వాటిని కలిపి, ప్రతివారికీ పదిమంది చేతులవీ ఒక్కొక్కటి చొప్పున తిరిగి పంపిస్తారు. పలక వెనక చేసినవారి పేరు, ఊరు, తేదీ, వాడిన వస్తువులు రాయాలి. ఎవరూ డబ్బు అడగకూడదు. ఎవరి పలక బాగుందో తేల్చే పోటీ ఉండకూడదు. ఒకరు వారం కష్టపడితే మరొకరు ఒక పూటలో ముగించవచ్చు. ఆ తేడా ఉంటుందని తెలిసే అందరూ చేరతారు. తక్కువ చేసి పంపినవారు ఎక్కువ చేసినవారి పలక చేతికి వచ్చినప్పుడు చూసి, వచ్చేసారి తమ పని పెంచుకుంటారు. మార్కులు, బహుమతులు లేకుండా చేతిపని మెరుగుపడటానికి ఇంతకంటే మంచి బడి నాకు తెలియదు.

ఇది ఎక్కడో విదేశంలో పుట్టిన సరదా అని అనుకోకండి. మా ఇళ్లలో వస్తువులు చేతులు మారడం ఎప్పటినుంచో ఉంది. పేరంటానికి వచ్చిన ఆమెకు పసుపు కుంకుమతో పాటు జాకెట్టు ముక్క పెడతాం. ఆ ముక్కను ఆమె తనకు కుట్టించుకోవచ్చు, మరొకరికి పెట్టవచ్చు. ఎవరో పెట్టిన ముక్క ఎన్నో ఇళ్లు తిరిగి చివరికి నా మిషను దగ్గరకు చేరడం మామూలే. పాత చీరలు ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకోవడం మా అమ్మల తరానికంతా తెలుసు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు తమ తమ పాత చీరలు తెచ్చి, పొరలు పొరలుగా పరిచి, కలిసి కూర్చుని బొంత కుట్టేవాళ్లు. ఒకే బొంతలో నాలుగిళ్ల చీరలు ఉండేవి.

బతుకమ్మనే చూడండి. తంగేడు, రంగు అద్దిన గునుగు, బంతి, గుమ్మడి పూలు, పసుపుతో చేసిన గౌరమ్మ అన్నీ తాంబాళంలో వరుసలుగా పేర్చిన చేతిపని అది. ఊళ్లో ఎవరిది వాళ్లు పేరుస్తారు. ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. సద్దుల బతుకమ్మ నాడు నీళ్లలో వదిలాక సత్తులు ఒకరికొకరు వాయనంగా ఇచ్చి పుచ్చుకుంటారు. ఇచ్చినవాళ్లు ఇచ్చామని, పుచ్చుకున్నవాళ్లు పుచ్చుకున్నామని పైకి అంటారు. చేతితో చేసినదాన్ని సమానంగా మార్చుకోవడం మా సంస్కృతిలో పండుగనాడే స్థిరపడి ఉంది. మేం కోరేది ఆ వాయనం ఊరి చెరువుగట్టు దాటి కోదాడ నుంచి ఆదిలాబాదుకు, సూర్యాపేట నుంచి శ్రీకాకుళానికి వెళ్లాలని.

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. చేతిపని అంటే ప్రభుత్వానికి అమ్మకమే కనిపిస్తుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల సాయం, 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తోంది. దర్జీలు, బొమ్మలు చేసేవాళ్లు, బుట్టలు అల్లేవాళ్లు అందులో ఉన్నారు. పోచంపల్లికి, చేర్యాలకు, పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేతివృత్తుల సరుకు అమ్మే గోల్కొండ దుకాణాలున్నాయి. ఎగుమతి చేసే చేతివృత్తులవారి కోసం మీ శాఖే డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు తెరిచింది. ఇవన్నీ మంచివి, ఉండాల్సినవి. వృత్తి మీద బతికేవాడికి మార్కెట్టే అన్నం పెడుతుంది.

అయితే ఇంట్లో చేతిపని చేసే అమ్మాయికి మార్కెట్టులో చోటు లేదు. ఆమె ఏడాదికి ఇరవై పలకలు చేస్తుంది. వాటికి ధర కడితే ఫ్యాక్టరీలో అచ్చయిన బొమ్మ పక్కన నిలబడాలి. అక్కడ ఓడిపోయి, ఇది దేనికీ పనికిరాని పని అనుకుని మానేస్తుంది. మార్పిడిలో ఆమె పలకకు ఎదురుగా ఉండేది మరొక మనిషి చేతిపనే, ఫ్యాక్టరీ సరుకు కాదు. కాబట్టి ఆమె నిలబడుతుంది.

ఆమె నిలబడటం వృత్తికారులకూ అవసరం. చేర్యాల పటం ఎందుకంత ధర పలుకుతుందో, చింతగింజల జిగురు ఉడికించినవాళ్లకు ఎవరూ చెప్పక్కరలేదు. అద్దం చుట్టూ ఒక్క గూడైనా అల్లిన అమ్మాయి లంబాడీ కుట్టు లంగా చూసి బేరమాడే ముందు ఆగుతుంది. జనంలో చేతి అలవాటు మొదట పోతుంది. దాని విలువ తెలిసి కొనేవాళ్లు ఆ తర్వాత పోతారు. చివరకు వృత్తి పోతుంది. ఈ వరుసలో మొదటిదాన్ని కాపాడేందుకు ఏ పథకమూ లేదు. దానికి అప్పులూ సబ్సిడీలూ అక్కరలేదు. ఒక పలక ఇక్కడి నుంచి అక్కడికి చవగ్గా వెళ్తే చాలు. ఆ పని చేయగలిగిన సంస్థ దేశంలో మీదొక్కటే.

ప్రపంచంలో ఈ మార్పిడి ఎంత బలమైనదో రెండు ఉదాహరణలు చెబుతాను. న్యూయార్కులో రే జాన్సన్ అనే చిత్రకారుడు 1950ల నుంచి చిన్న చిన్న కొలాజ్‌లు ఉత్తరాల్లో పెట్టి మిత్రులకు పంపేవాడు. అందులో ఏదైనా కలిపి ఇంకొకరికి పంపమనేవాడు. తపాలా ద్వారా నడిచే కళ అనే ఒక ఉద్యమానికి ఆయనే పెద్ద. 1997లో స్విట్జర్లాండులోని జూరిక్‌లో వాంచి స్టిర్నెమాన్ అనే కళాకారుడు 64 మిల్లీమీటర్ల వెడల్పు, 89 మిల్లీమీటర్ల పొడవు ఉన్న కార్డుల మీద బొమ్మలు చేసి మార్చుకునే పద్ధతి మొదలుపెట్టాడు. పేకముక్కంత కార్డు అది. అమ్మకూడదు, మార్చుకోవాలి అన్నది దాని నియమం. ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. వీటన్నిటికీ ఆధారం నమ్మదగిన తపాలా. అక్కడ ఉత్తరం పెట్టెలో వేసినవాడికి అది చేరుతుందన్న ధైర్యం ఉంది, ఖర్చు భరించగలిగేదిగా ఉంది.

మా పరిస్థితి చూడండి. 20 గ్రాముల లోపు మామూలు ఉత్తరం 5 రూపాయలకు వెళ్తుంది కానీ, పూసలు, గవ్వలు కుట్టిన పలక ఆ బరువులో రాదు. పైగా మామూలు ఉత్తరానికి జాడ తెలియదు. బుక్ పోస్టు ఆగిపోయింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. అదే ఏడాది అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన స్పీడ్ పోస్టు ధరల ప్రకారం ఊరు దాటితే 50 గ్రాముల లోపు కవరుకు 47 రూపాయలు, 250 గ్రాముల లోపుదానికి 200 కిలోమీటర్ల వరకు 59 రూపాయలు. పన్ను అదనం. పోనూ రానూ లెక్కేస్తే అది మా ఊళ్లో ఒక సాదా జాకెట్టు కుట్టుకూలికి దగ్గరగా వస్తుంది. పలకలో వాడిన వస్తువులకు పైసా ఖర్చు లేదు. దాన్ని పంపడానికి అయ్యే ఖర్చే పేదింటి అమ్మాయిని ఆపేస్తుంది. పెళ్లిళ్లకూ పండుగలకూ ఊరొచ్చిన చుట్టాల సంచుల్లో పలకలు పెట్టి పంపడం ఒక్కటే మాకు మిగిలిన మార్గం.

మీ శాఖకు ఇలాంటి దారి వేయడం కొత్త కాదు. సరుకు బరువును బట్టే కాదు, సమాజానికి దాని ఉపయోగాన్ని బట్టి కూడా మీరు ధర నిర్ణయిస్తూ వచ్చారు. రిజిస్టరైన పత్రికను పైసల్లో చేరవేశారు. అంధుల బ్రెయిలీ పుస్తకాలకు రుసుమే లేకుండా చేశారు. అందుకున్నప్పుడే డబ్బు కట్టే వి.పి.పి. పెట్టి, దుకాణమే లేని పల్లెలకు తెలుగు నవలలు తెచ్చిపెట్టారు. 2025 మే 1న జ్ఞాన్ పోస్టు మొదలుపెట్టి, 300 గ్రాముల పుస్తకాన్ని 20 రూపాయలకు, 5 కిలోల దాకా 100 రూపాయలకు, జాడ తెలిసేలా పంపే వీలు కల్పించారు. చదువు దేశమంతా తిరగాలని మీరు అనుకున్నారు కనుక అది సాధ్యమైంది. చేతి నైపుణ్యం కూడా చదువే అని నా మనవి.

మునగాల నుంచి ఈ మాట అడగడానికి మాకు కొంత హక్కు ఉందనుకుంటాను. ఒకప్పుడు మునగాల పరగణా బ్రిటిషు కృష్ణా జిల్లాలో భాగం. చుట్టూ ఉన్నది 1869 నుంచి సొంత స్టాంపులు వేసుకున్న నిజాం రాజ్యం. ఇంత చిన్న పరగణాకు దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఏర్పాటులో ముఖ్యపాత్ర వహించారు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. ఆయనకు అండగా నిలిచినవారు మునగాల రాజా నాయని వెంకటరంగారావు. ఆ రాజావారి ఆదరణలోనే నడిగూడెంలో ఉండి పింగళి వెంకయ్య పత్తి మీద పరిశోధన చేశారు. ఆయన 1916లో జాతీయ జెండా గురించి, రకరకాల నమూనాలతో పుస్తకం అచ్చువేశారు. 1921లో బెజవాడలో తన నమూనాను గాంధీజీ చేతికిచ్చారు. 2009లో మీ శాఖ ఆయన పేరున స్టాంపు విడుదల చేసింది. సరిహద్దుల మధ్య చిక్కుకున్న ఈ నేల మీద మనుషులు తమకు తెలిసినదాన్ని హద్దులు దాటించాలని తపనపడ్డారు. మా కోరిక వాళ్ల పనంత పెద్దది కాదు, కానీ ఆ బాటలోదే.

మా విన్నపాలు నాలుగు.

మొదటిది, 250 గ్రాముల లోపు, పలచగా ఉండే చేతిపని పొట్లానికి జ్ఞాన్ పోస్టు తరహాలో ఒక ప్రత్యేక ధర నిర్ణయించండి. పైన ‘అమ్మకానికి కాదు’ అని పంపినవారు సంతకం చేయాలి. ఈ నిర్ణయం ఢిల్లీలో జరగాల్సినదని తెలుసు. మీరు సిఫారసు చేసి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మునగాల తపాలా కార్యాలయాల్లో ఏడాదిపాటు ప్రయోగంగా నడపడానికి అనుమతి తెప్పించండి.

రెండోది, ఈ పొట్లాల మీద తేదీ ముద్ర చేత్తోనే వేయించండి. యంత్రంలో పడితే పూసలు చిట్లుతాయి, అద్దం పగులుతుంది. మా వైపు నుంచి గాజు అద్దం బదులు పలచని ప్లాస్టిక్ అద్దం వాడతాం, రెండు అట్టల మధ్య పెట్టి కట్టి పంపుతాం.

మూడోది, ఏమి పంపవచ్చో ఏమి పంపకూడదో తెలుగులో ఒక పేజీ అచ్చువేసి ప్రతి కౌంటరులో అంటించండి. విదేశాల్లో ఉన్న మా పిల్లలు, అక్కచెల్లెళ్లు ఈ మార్పిడుల్లో చేరాలని ఎంతో ఆశపడుతున్నారు. ఆస్ట్రేలియాకు వెళ్లే పలకలో గింజలు, ఎండిన పూలు ఉంటే అక్కడ ఆపేస్తారు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాల నియమాలు మారి అక్కడికి వెళ్లే పొట్లాలు ఆగిపోయాయి, అక్టోబరు 15న మళ్లీ మొదలయ్యాయి. ఆ మధ్యలో ఏమైందో, సి.ఎన్. 22 కస్టమ్స్ ఫారంలో బహుమతి అని ఎలా రాయాలో పల్లెలో చెప్పేవాళ్లు లేరు. తెలుగులో ఒక్క పేజీ ఉంటే ఆ ఇబ్బంది తీరుతుంది.

నాలుగోది, పెద్ద తపాలా కార్యాలయాల వరండాలో నెలకు ఒక పూట ఒక బల్ల వేసుకోనివ్వండి. ఎవరి పలక వాళ్లు తెచ్చి పెడతారు, ఒకటి పెట్టినవారు ఒకటి తీసుకుంటారు. బల్ల మాదే, కాపలా మాదే, శుభ్రం చేసి వెళ్లే బాధ్యతా మాదే.

వ్యాపారులు ఈ చవక ధరను దుర్వినియోగం చేస్తారన్న అనుమానం మీకు రావడం న్యాయమే. దానికి అడ్డుకట్ట సులువు. ఒకరు నెలకు పంపగల పొట్లాలకు పరిమితి పెట్టండి, కవరు విప్పి చూసే అధికారం ఉంచుకోండి, బిల్లు గానీ ధర చీటీ గానీ కనిపిస్తే మామూలు ధర వసూలు చేయండి. దీనివల్ల శాఖకు నష్టమన్న ప్రశ్న కూడా వస్తుంది. పోస్టాఫీసు గడప తొక్కడమే మానేసిన తరం ఇప్పుడు పెరుగుతోంది. తన చేత్తో చేసినదాన్ని పంపడానికి, ఎవరో తెలియని మనిషి చేసినదాన్ని అందుకోవడానికి పోస్టుమాన్ కోసం ఎదురుచూసే పిల్లలు రేపు మీ ఖాతాదారులవుతారు. ఆ లాభం ఈ ఏడాది లెక్కల్లో కనిపించకపోవచ్చు.

మా వైపు నుంచి మేం ఇచ్చే మాట ఇది. మీరు ప్రయోగానికి ఒప్పుకుంటే రాబోయే బతుకమ్మ నాటికి పైన చెప్పిన నాలుగు ఊళ్లలోనూ మొదటి మార్పిడి మేమే నడుపుతాం. పలక చేయడం రానివాళ్లకు నేర్పుతాం. బడుల్లో డ్రాయింగు మాస్టార్లను, తండాల్లో అద్దాల కుట్టు తెలిసిన పెద్దవాళ్లను కలుపుకుంటాం. ఎన్ని పంపామో, ఎన్ని చేరాయో, ఎన్ని పాడయ్యాయో లెక్క రాసి మీకు సమర్పిస్తాం. ఆ లెక్క చూసి ఈ దారి కొనసాగించాలో లేదో మీరే తేల్చండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తాం. అది కాగితం మీద, తెలుగులో వస్తే మునగాలలో అందరికీ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మునగాల నుంచి,
మిషను కుట్టే ఒక చేతిపని మనిషి